ఒకే టేబుల్, పది రకాల నియమాలు: ఆఫీసు డిన్నర్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పన్నెండు మంది ఉన్న ఏ టీమ్‌నైనా తీసుకోండి. శనివారం ముక్క ముట్టనివారు, హలాల్ అయితేనే మాంసం తినేవారు, ఉల్లి వెల్లుల్లి కూడా వద్దనేవారు, లెంట్ (ఈస్టర్‌కి ముందు క్రైస్తవుల ఉపవాస కాలం) పాటిస్తున్నవారు, ముందు ఏది పెడితే అది లాగించేవారు అందరూ అందులోనే ఉంటారు. వీళ్లందరికీ ఒకే చోట టేబుల్ బుక్ చేసే పని ఎవరి నెత్తిన పడిందో వారి కోసమే ఈ ప్రశ్నలు.

ఎవరు ఏం తింటారో ఎలా అడగాలి? మతం అడిగినట్టు ఉండకూడదు.

మతం అడగక్కర్లేదు, తెలిసినా పెద్దగా లాభం లేదు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల నియమాలే కలవవు. పైగా మన దగ్గర "మీరు నాన్‌వెజ్ తింటారా?" అన్నది చాలాసార్లు కులం ఆరా తీసే దొడ్డిదారి. అద్దె ఇల్లు వెతికినవాళ్లకి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు. కాబట్టి నలుగురిలో నోటితో అడగొద్దు. మూడు నాలుగు రోజుల ముందు అందరికీ ఒకే మెసేజ్ పంపి, జవాబు మీకు విడిగా ఇమ్మనండి. ఇలా ఉంటే చాలు:

"బుధవారం రాత్రి 7:30కి టీమ్ డిన్నర్. మీరు తినని పదార్థాలు ఉంటే (గుడ్డు, ఉల్లి, వెల్లుల్లి, ఏదైనా మాంసం, పల్లీలు, ఇంకేదైనా) నాకు విడిగా చెప్పండి. మాంసం హలాల్ అయి ఉండాలా, వంట విడి పాత్రల్లో జరగాలా అన్నదీ రాయండి. ఆ రోజు ఉపవాసం ఉన్నా, త్వరగా వెళ్లాల్సి ఉన్నా చెప్పండి. కారణం చెప్పనక్కర్లేదు."

ఆఖరి వాక్యం తీసేయకండి. దానివల్లే పల్లీల ఎలర్జీ, మొక్కు, దీక్ష, వంట్లో బాగోకపోవడం అన్నీ ఒకే వరుసలో కూర్చుంటాయి. హోటల్‌వాళ్లకి పేర్లు ఇవ్వొద్దు, లెక్క చెబితే సరిపోతుంది: పన్నెండు మంది, నలుగురు శాకాహారులు, అందులో ఒకరికి ఉల్లి, వెల్లుల్లి, దుంపలు లేకుండా.

ఏ రోజు పెడితే ఎక్కువమందికి కుదురుతుంది?

బుధవారం. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం సాయిబాబాకి, శనివారం వెంకన్నకి అని మాంసం మానేసేవాళ్లు తెలుగు ఆఫీసుల్లో బోలెడంతమంది. శుక్రవారం లక్ష్మీదేవి పేరు మీద మానేవారూ ఉన్నారు. లెంట్ నడిచేటప్పుడు కాథలిక్కులు శుక్రవారాల్లో మాంసం తినరు. సెవెంత్ డే అడ్వెంటిస్టులనే క్రైస్తవ శాఖవారికైతే శుక్రవారం పొద్దుగూకగానే విశ్రాంతి దినం మొదలై శనివారం పొద్దుగూకేదాకా నడుస్తుంది. మేనేజర్లకేమో "వీకెండ్ కదా" అని శుక్రవారం సాయంత్రమే గుర్తొస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

నెలల సంగతీ చూసుకోవాలి. శ్రావణం, కార్తీకం మొత్తం మాంసం మానేవారుంటారు. కార్తీకంలో సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి చుక్కలు చూశాక తింటారు. ఏకాదశి నాడు అన్నం, గోధుమ, పప్పు ఏదీ ముట్టని వైష్ణవులకి బిర్యానీ హోటల్లో పళ్లరసం తప్ప ఏమీ మిగలదు. 2026లో లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం ఫిబ్రవరి 18న వచ్చింది, రంజాన్ నెల కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. అలాంటప్పుడు బుధవారం సూత్రం కూడా పనిచేయదు. క్యాలెండర్, పంచాంగం రెండూ పక్కన పెట్టుకుని తేదీ చూడండి.

రంజాన్ నెలలో డిన్నర్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, గడియారం చూసుకుని. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం దాదాపు 6:15 నుంచి 6:30 మధ్య ఉంటుంది. రోజా (రంజాన్ ఉపవాసం) ఉన్నవారు ఖర్జూరం, నీళ్లతో ఉపవాసం విడిచి, మగ్రిబ్ (సూర్యాస్తమయపు) నమాజు చదువుకుని, ఆ తర్వాత భోజనానికి కూర్చుంటారు. నమాజుకు పది పదిహేను నిమిషాలు చాలు. కాబట్టి అందరినీ 6 గంటలకే రమ్మనండి. అజాన్‌కి ముందే టేబుల్ మీద ఖర్జూరాలు (మనిషికి మూడు), నీళ్లు, కోసిన పళ్లు ఉండాలి. ఆ వేళ హోటళ్లు కిటకిటలాడతాయి, వెయిటర్ చేతికి దొరకడు. అప్పుడు ఆర్డరిస్తే ఉపవాసం విడిచే సమయానికి నీళ్ల సీసా కూడా రాదు.

చేతులు కాళ్లు కడుక్కునే చోటు, జానమాజ్ (నమాజు చాప) పరుచుకునేంత శుభ్రమైన స్థలం ఉన్నాయో లేదో బుక్ చేసేటప్పుడే అడగండి. పాతబస్తీ, టోలీచౌకి వైపు చాలా హోటళ్లలో ఉంటుంది, హైటెక్ సిటీ మాల్‌లో మాత్రం ముందే కనుక్కోవాలి. ఇషా (రాత్రి నమాజు) తర్వాత రంజాన్‌లో చదివే తరావీహ్ నమాజుకి వెళ్లేవారు ఉంటారు, అందుకే 7:45కల్లా ప్రధాన భోజనం పూర్తవ్వాలి.

రోజా లేని మిగతావాళ్లు అప్పటిదాకా నీళ్లు తాగకూడదా? తాగొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. వేడివేడి కబాబ్ ప్లేట్లు మాత్రం ముందే తెప్పించి రోజా ఉన్నవాళ్ల ముక్కు కింద పెట్టకండి.

ప్యూర్ వెజ్ హోటల్‌కి వెళ్తే గొడవే ఉండదు కదా?

తిండి గొడవ తగ్గుతుంది, ముఖాలు మాత్రం ముడుచుకుంటాయి. ప్రతిసారీ వెజ్ హోటలే అయితే "మా తిండి మీకు పనికిరాదా?" అన్న మాట బయటికి రాకపోయినా టేబుల్ మీదే ఉంటుంది. ప్రతిసారీ బిర్యానీ హోటలైతే శాకాహారులు పన్నీర్ 65, జీరా రైస్‌లతో సరిపెట్టుకుని ఇంటికెళ్లి పెరుగన్నం తింటారు. మూడు డిన్నర్లలో ఒకటి వెజ్ చోట, రెండు కలిపి వండే మంచి చోట పెట్టడం మాకు సబబుగా తోస్తుంది. కలిపి వండే చోటు మంచిదో కాదో తేల్చే పరీక్ష ఒకటుంది: మెనూలో పన్నీర్, మష్రూమ్, బేబీకార్న్ తీసేస్తే ఎన్ని వెజ్ వంటకాలు మిగులుతాయో లెక్కపెట్టండి. ఆరు కంటే తక్కువైతే వేరే హోటల్ చూడండి.

హోటల్‌కి ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలి?

రిజర్వేషన్ చూసే అమ్మాయిని కాదు, వెయిటర్ల పైన ఉండే కెప్టెన్‌నో వంటగది చూసుకునే మనిషినో లైన్‌లోకి పిలవమనండి. అదీ మధ్యాహ్నం మూడు, అయిదు మధ్య. ఆ సమయంలో వాళ్లకి ఊపిరి ఉంటుంది. "వెజ్ ఉంటుందా?" అంటే అన్నిచోట్లా "ఉంటుంది సార్" అనే అంటారు. ప్రశ్నలు సూటిగా ఉండాలి. వెజ్‌కి వేరే మూకుడు, వేరే నూనె ఉన్నాయా? చికెన్ 65 వేయించిన నూనెలోనే గోబీ 65 వేస్తారా? రోటీలు కాల్చే తందూర్‌లోనే తంగిడీ కబాబ్ (కోడి కాళ్లు) పెడతారా? (చాలాచోట్ల పెడతారు. పట్టింపు ఉన్నవారికి తవా మీద కాల్చిన ఫుల్కా చేయగలరేమో అడగండి.) వెజ్ బిర్యానీ విడిగా దమ్ చేస్తారా?

వెజ్ బిర్యానీలో కూడా అనుమానమేంటి?

కొన్నిచోట్ల చికెన్ దమ్ బిర్యానీ హండీలోంచే పైపైన అన్నం తీసి, విడిగా వండిన కూరగాయల మసాలా కలిపి "వెజ్ బిర్యానీ" అని ఇస్తారు. రద్దీ వేళ ఇది మరీ ఎక్కువ. "ప్లెయిన్ బిర్యానీ రైస్" అని అడిగితే వచ్చేది దాదాపుగా మాంసం హండీలోని అన్నమే. ముక్క కనపడదు, రసం మాత్రం ఉంటుంది. పక్కన ఇచ్చే మిర్చీ కా సాలన్ మామూలుగా పల్లీలు, నువ్వులు, చింతపండుతో చేసేది కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు, పల్లీల ఎలర్జీ ఉన్నవారు మాత్రం దాని జోలికి పోకూడదు. షోర్వా మాంసం పులుసు. దాల్చా పేరు పప్పులా వినిపిస్తుంది గానీ తరచుగా అందులో మటన్ వేస్తారు.

పేరు చూసి మోసపోయే ఇంకోటి కల్యాణి బిర్యానీ. అది గేదె మాంసంతో చేసేది. తెలియక తిని తర్వాత బాధపడేవారున్నారు, తెలిసి ఇష్టంగా తినేవారూ ఉన్నారు. ఎవరినీ తక్కువ చేయకుండా, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అదేమిటో పైకి చెబితే సరి.

ఇంకా ఎక్కడెక్కడ దాక్కుని ఉంటుంది మాంసం, మందు?

చైనీస్ హోటళ్లలో వెజ్ హాట్ అండ్ సోర్ సూప్, మంచో సూప్‌లకి చికెన్ ఉడికించిన నీళ్లు వాడే చోట్లు ఉన్నాయి. నూడుల్స్‌లో గుడ్డు ఉండొచ్చు. ఆయిస్టర్ సాస్ ఆల్చిప్పలతో చేసింది. థాయ్ కర్రీ పేస్ట్‌లో రొయ్యలు, చేపల సాస్ మామూలు. సీజర్ సలాడ్ డ్రెస్సింగ్‌లో చిన్న చేపలు. మయొనీజ్‌లో గుడ్డు ఉంటుంది, గుడ్డు లేనిది కావాలంటే అడిగి తీసుకోవాలి. కొన్నిచోట్ల నాన్ పిండిలోనూ గుడ్డు కలుపుతారు.

తీపిలోకి వస్తే జెల్లీ, మూస్, పన్నాకోటాల్లో చాలాసార్లు జిలాటిన్ ఉంటుంది. అది మామూలుగా పశువుల లేదా పందుల ఎముక, చర్మం నుంచి తీసింది కాబట్టి శాకాహారులకీ, ముస్లింలకీ ఇద్దరికీ కుదరదు. తిరమిసులో గుడ్డు, చాలాసార్లు మద్యం కూడా ఉంటాయి. ప్లమ్ కేక్‌కి రమ్ పట్టించారేమో అడగాలి. ఈ తలనొప్పి అంతా దేనికనుకుంటే ఖుబానీ కా మీఠా తెప్పించండి. ఎండు ఆప్రికాట్లు, చక్కెర, పైన మీగడ, అంతే. దాదాపు అందరూ తినగలిగే తీపి.

మెనూ మీది ఆకుపచ్చ చుక్క వంటకంలో ఏముందో చెబుతుంది గానీ ఏ గరిటెతో కలిపారో చెప్పదు.

హైదరాబాద్‌లో అన్నీ హలాలే కదా, అడగడం ఎందుకు?

పాత బిర్యానీ హోటళ్లలో చాలావరకు నిజమే, కానీ స్టార్ హోటళ్లు, విదేశీ వంటల చోట్లు, దిగుమతి చేసుకున్న మాంసం వాడేచోట్ల అనుకుంటే సరిపోదు, అడగాలి. "ఏ మాంసం హలాల్? అన్నీనా, చికెన్ ఒక్కటేనా?" అని విడిగా అడగండి. మెనూలో పంది మాంసం ఉంటే దాని పెనం, కత్తి వేరో కాదో కూడా.

అనుమానం ఉన్నచోట ముస్లిం సహోద్యోగులు చాలామంది చేపకో, శాకాహారానికో మళ్లుతారు. చేపకి జబిహా (హలాల్ పద్ధతిలో కోయడం) అక్కర్లేదు. అలాగని రొయ్యలు తెప్పించి "మీ కోసమే భాయ్" అనకండి. హనఫీ సంప్రదాయం పాటించేవారిలో రొయ్యలు, పీతలు తిననివారు కొందరున్నారు. అడ్వెంటిస్టులూ పంది మాంసం, రొయ్యలు, పీతలు తినరు. తెలంగాణ రుచుల హోటళ్లలో దొరికే నల్ల, అంటే మేక రక్తం వేపుడు, ముస్లింలతోపాటు చాలామంది క్రైస్తవులకూ కుదరదు.

అమృతధారి (మత దీక్ష తీసుకున్న) సిక్కులది మరో లెక్క. వాళ్లకి హలాల్ మాంసమే నిషిద్ధం. కాబట్టి హలాల్ హోటల్‌లో వాళ్లు శాకాహారులైపోతారు. అక్కడ వెజ్ మెనూ నాసిగా ఉంటే నష్టపోయేది వాళ్లు కూడా.

జైన సహోద్యోగి ఉన్నారు. ఏం తెప్పించాలి?

ముందు వేళ అడగండి. నిష్ఠగా ఉండేవారు పొద్దుగూకాక తినరు. నవంబర్‌లో హైదరాబాద్‌లో 5:40కే పొద్దు గూకుతుంది. అలాంటివారు టీమ్‌లో ఉంటే డిన్నర్ బదులు లంచ్ పెట్టడం ఒక్కటే సరైన దారి. రాత్రి పిలిచి ఎదురుగా నిమ్మరసం పెట్టి కూర్చోబెట్టడం మర్యాద కాదు.

రాత్రి తినేవారైతే: ఉల్లి, వెల్లుల్లి, బంగాళదుంప, క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్, పచ్చి అల్లం వద్దు. పసుపు, శొంఠి ఎండినవి కాబట్టి చాలామందికి అభ్యంతరం ఉండదు. వంకాయ, కాలీఫ్లవర్, పుట్టగొడుగులు, తేనె వద్దనేవారూ ఉన్నారు. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, హోటళ్లలో గ్రేవీలు పొద్దున్నే ఉల్లి వేసి పెద్ద డేగిశాల్లో చేసిపెట్టేస్తారు. "ఉల్లి వేయకు" అని రాత్రి చెబితే పైన చల్లే ముక్కలు మానేస్తారు, లోపలిది తీయలేరు. ఒక రోజు ముందు చెబితే టొమాటో, జీడిపప్పు గ్రేవీ విడిగా చేస్తారు. సాంబారులో ఉల్లి ఉంటుంది, కాబట్టి ఇడ్లీ, దోసె కూడా కొబ్బరి చట్నీతోనే. బంగాళదుంప బదులు అరటికాయ అడగండి.

అయ్యప్ప మాల వేసుకున్నవారిని పిలవొచ్చా?

పిలవండి, తినమని బలవంతం చేయకండి. 41 రోజుల దీక్షలో చాలామంది బయటి తిండి ముట్టరు. మధ్యాహ్నం ఇంట్లోనో సన్నిధానంలోనో భిక్ష, రాత్రి అల్పాహారం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా ప్రతి టీమ్‌లో ఇద్దరు ముగ్గురు స్వాములు ఉంటారు కాబట్టి సంవత్సరాంతపు పార్టీలన్నీ వీళ్లకి తగులుతాయి. మందు, మాంసం ఉన్న టేబుల్ దగ్గర కూర్చోవడమే కొందరికి కుదరదు. "స్వామీ, ఆరింటికి టీకి కూర్చుందాం, మీరు పళ్లు తీసుకోండి, తర్వాత మేం డిన్నర్‌కి వెళ్తాం" అంటే వాళ్లూ హాయిగా వస్తారు. మాల ఉన్నన్నాళ్లూ మేనేజరైనా, ఆఫీస్ బాయ్ అయినా స్వామే.

మందు సంగతి?

తాగనివారికి మాక్‌టెయిల్ ఇస్తే చాలనుకోవడం పొరపాటు. ముస్లింలలో కొందరు మద్యం వడ్డించే బల్ల దగ్గర కూర్చోరు. క్రైస్తవుల్లో, స్వాముల్లో, మామూలు మనుషుల్లోనూ అలాంటివారున్నారు. తేలికైన పద్ధతి ఇదీ: డిన్నర్‌లో మందు ఉండదు, 9:30కి డిన్నర్ అయిపోయిందని ప్రకటించాక ఇష్టమున్నవారు ఇంకో చోటికి వెళ్తారు. ప్రమోషన్లు, ప్రాజెక్టుల కబుర్లు రెండో చోట చెప్పకండి. అలా చెబితే రానివారిని పక్కన పెట్టినట్టే.

ఎంత ఆర్డర్ ఇవ్వాలి?

అందరూ చేసే తప్పు ఒకటుంది. నలుగురు శాకాహారులని నలుగురికి సరిపడా వెజ్ చెబుతారు. మాంసం తినేవాళ్లు వెజ్ కూడా తింటారన్నది మర్చిపోతారు. క్రిస్పీ కార్న్ వచ్చిన అయిదు నిమిషాల్లో ఖాళీ, శాకాహారులు చిప్స్ నములుతూ కూర్చుంటారు. పన్నెండు మందిలో నలుగురు శాకాహారులైతే స్టార్టర్లు వెజ్ నాలుగు ప్లేట్లు, నాన్‌వెజ్ నాలుగు ప్లేట్లు చెప్పండి (ప్లేట్‌లో ఆరు నుంచి ఎనిమిది ముక్కలు వస్తాయనుకుంటే). గిన్నె కూర ముగ్గురికి ఒకటి. రోటీలు మనిషికి రెండు. స్టార్టర్లు బాగా తిన్నాక బిర్యానీ ఇద్దరికో ప్లేట్ సరిపోతుంది. వెజ్ ప్లేట్లు ముందు శాకాహారుల వైపే దించమని కెప్టెన్‌కి చెప్పండి.

ఒకే ప్లేట్‌లోంచి తినడం, ఎంగిలి పట్టింపు ఎలా?

ఎంగిలి ఒక్క మతానికే సంబంధించిన సంగతి కాదు, ఎక్కువగా పెరిగిన తీరు. పక్కవాళ్ల గ్లాసులో నీళ్లు తాగలేనివారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. ప్రతి గిన్నెకీ ఒక గరిటె, అదనంగా రెండు గరిటెలు టేబుల్ మీద ఉంచితే సగం ఇబ్బంది పోతుంది. చికెన్ గరిటె పప్పులో పడితే ఆ పప్పు కొందరికి అయిపోయినట్టే. "అంచుకి కాస్త తగిలిందంతేగా" అని నవ్వేయకుండా ఇంకో గిన్నె తెప్పించండి.

మందీ (మాంసం, అన్నం కలిసి ఉండే అరబ్ వంటకం) తినడానికి వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్లండి. హైదరాబాద్‌లోని బార్కస్ ప్రాంతపు అరబ్బుల ద్వారా నగరానికి అలవాటైన ఈ వంటకంలో పెద్ద పళ్లెం చుట్టూ నలుగురైదుగురు కూర్చుని చేత్తో తినడమే పద్ధతి. పట్టింపు ఉన్నవారికి విడి ప్లేట్ అడిగితే ఇస్తారు, సిగ్గుపడక్కర్లేదు. శాకాహారులు ఎక్కువ ఉన్న టీమ్‌కి మాత్రం మందీ వద్దు.

టేబుల్ మీదే గ్రిల్ పెట్టే బఫే చోట్లు?

కలగలుపు టీమ్‌కి మేం సిఫారసు చేయం. ఒకే గ్రిల్ మీద పన్నీర్ పుల్ల పక్కనే చికెన్ పుల్ల, పైన రాసే నూనెకి ఒకటే బ్రష్. వెళ్లక తప్పకపోతే రెండు గ్రిల్‌లు ఉన్న టేబుల్ అడిగి, ఒకదాన్ని వెజ్‌కే ఉంచండి.

పుట్టినరోజు కేక్, తిరుపతి లడ్డూ?

కేక్ గుడ్డు లేనిదే తెప్పించండి, తినగలిగేవాళ్లు పెరుగుతారు. కొవ్వొత్తులు ఊదకముందే సగం కేక్ కోసి పక్కన పెడితే ఎంగిలి పట్టింపు ఉన్నవారూ తీసుకుంటారు. ముఖానికి పూయడం రెస్టారెంట్‌లో వద్దు.

ప్రసాదం సంగతి వేరు. దేవుడికి నైవేద్యం పెట్టింది తినకూడదని నమ్మే క్రైస్తవులు, ముస్లింలు ఉన్నారు. ఇష్టంగా తీసుకునేవారూ ఉన్నారు. డబ్బా టేబుల్ మధ్యలో తెరిచి పెట్టి "తిరుపతి ప్రసాదం" అని చెప్పండి, కావలసినవారు తీసుకుంటారు. చేతిలో పెడితే వద్దనడం కష్టం. చెప్పకుండా "స్వీట్" అని పెడితే అది మోసం.

బిల్లు ఎలా పంచుకోవాలి?

కంపెనీ కడితే గొడవ లేదు. లేదంటే మద్యం బిల్లు మొదటినుంచీ వేరుగా తెరవమనండి. తిండిపై మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం, మద్యం జీఎస్టీలోకి రాదు, దానిపై రాష్ట్ర వ్యాట్ పడుతుంది కాబట్టి చివర్లో విడదీయడం చికాకు. ఉపవాసం ఉండి జ్యూస్ తాగినవారి దగ్గర సమాన వాటా వసూలు చేయకండి. సర్వీస్ చార్జ్ తప్పనిసరిగా వేయకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022లో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. వేస్తే తీసేయమనొచ్చు.

పొరపాటున శాకాహారి ప్లేట్‌లో చికెన్ వచ్చి, ఒక ముద్ద తినేశారు. ఏం చేయాలి?

తెలిసిన క్షణమే చెప్పండి. దాచిపెడితే మర్నాడు తెలిసినప్పుడు బాధ రెట్టింపవుతుంది. "ఒక ముద్దకేం కాదులే" అనకండి, ఎవరినీ నవ్వనివ్వకండి. వాష్‌రూమ్‌కి వెళ్లాలన్నా, ఇంటికి వెళ్తానన్నా వెళ్లనిచ్చి క్యాబ్ బుక్ చేయండి. హలాల్ కానిది, పంది మాంసం వచ్చినా ఇదే వరస. ఆ ప్లేట్ తీయించి, వంటగదిలో పొరపాటు ఎక్కడ జరిగిందో కెప్టెన్‌ని అడగండి. ఎక్కువసార్లు జరిగేదేమిటంటే గోబీ 65, చికెన్ 65 ఒకే రంగులో ఒకే ట్రేలో రావడం. అందుకే వెజ్, నాన్‌వెజ్ స్టార్టర్లు ఒకే విడతలో తేవద్దని ముందే చెప్పాలి.

అమెరికాలో, గల్ఫ్‌లో పనిచేసేవారికి తేడా ఏముంది?

గల్ఫ్‌లో మామూలు హోటళ్లలో మాంసం హలాలే, కష్టమంతా శాకాహారులకి. అన్నం, సూప్ మాంసం నీళ్లతో వండరు కదా అని అడగాలి. అమెరికాలో మెక్సికన్ చోట బీన్స్, గోధుమ టోర్టియాల్లో పంది కొవ్వు ఉండొచ్చు, కొన్నిచోట్ల బంగాళదుంప ఫ్రైస్ పశువుల కొవ్వులో వేయిస్తారు. జపనీస్ సూప్‌లకి ఎండు చేప నీళ్లే ఆధారం. "వెజిటేరియన్" అంటే చేప తింటారనుకునే వెయిటర్లున్నారు, కాబట్టి "మాంసం లేదు, కోడి లేదు, చేప లేదు, వాటి నీళ్లూ లేవు" అని విడివిడిగా చెప్పండి.

పిలిచినా రానన్నవారిని ఏం చేయాలి?

ఏమీ చేయొద్దు. "ఎందుకు?" అని రెండోసారి అడగొద్దు. వచ్చే నెల మధ్యాహ్నం పూట టిఫిన్, టీ పెట్టుకుందామని పిలిచి చూడండి.